మిసెస్ కాంగస్ సంతకం

ఎల్మర్ రౌటియోకి పక్షవాతం వచ్చిందన్న కబురు మార్లిస్ కాంగస్‌కి టీచర్ల గదిలో కాఫీ వంపుకుంటుండగా తెలిసింది. అందరూ "అయ్యో పాపం" అన్నారు. ఆవిడా అంది. అన్నది జాలితో కాదని ఆవిడకి అప్పుడే తెలుసు.

అది 1998 జనవరి. టామరాక్ ఇనప గనుల నడుమ చిన్న ఊరు. రాత్రంతా ఇంజనుకి కరెంటు తీగ తగిలించి వేడిగా ఉంచితే తప్ప పొద్దున్న కారు కదలని చలి. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాళ్ళు ముగ్గురే. కింది తరగతులూ, స్టాటిస్టిక్సూ కొత్తగా చేరిన ఒకాయన చెప్తాడు. నడిమిది, ఆల్జీబ్రా టూ, మార్లిస్‌ది. ఆపైనుండే ప్రీకాల్కులస్, కాల్కులస్ రౌటియోవి. మార్లిస్ ఆ బళ్ళో చేరిన నాటికే అవి ఆయనవి. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ గది గుమ్మం దాటి నల్లబల్ల దాకా వెళ్ళాల్సిన పని ఆవిడకి పడలేదు. పడకుండా చూసుకుంది కూడా.

ఆ సంగతి ఎవరికీ తెలీదు. పెళ్ళికి ముందు ఆవిడ మార్లిస్ జుపాన్, గని కార్మికుడి మూడో కూతురు. సమీకరణాలంటే చిన్నప్పట్నుంచీ సరదా. చిక్కుపడ్డ ఊలు విప్పినట్టు విప్పేది. టీచరవుదామని డులూత్‌లో కాలేజీకి వెళ్తే అక్కడ కాల్కులస్ ఎదురైంది. మొదటిసారి తప్పింది. రెండోసారి ప్రొఫెసరు దయతలిచి గట్టెక్కించాడు. అప్పట్నుంచీ సైన్, కొసైన్ అన్న మాటలు వినపడితే చాలు, అరచేతులు చెమర్చేవి. పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది. చేరిన మొదటి వారంలోనే రౌటియో టీచర్ల గదిలో పదిమంది ముందు అడిగాడు.

"కొత్తమ్మాయ్, సైన్ నూట యాభై ఎంత?"

"మైనస్ సగం" అంది మార్లిస్, కంగారులో.

రౌటియో శాండ్‌విచ్ నమిలి మింగేదాకా ఆగి, "సగం. మైనస్ లేదు" అన్నాడు. తర్వాత పక్కవాళ్ళకేసి చూసి, "ఫర్వాలేదులే. ఆల్జీబ్రా టూ దాకా సరిపోతుంది" అన్నాడు.

ఆ మాటే ఆవిడ బతుక్కి గిరిగీసింది. ఆ గిరిలో ఆవిడ మహారాణి. ఆవిడ దగ్గర ఆల్జీబ్రా నేర్చుకోని మనిషి ఊళ్ళో అరుదు. తపాలా ఆఫీసులో, గనిలో, చర్చిలో ఎక్కడ కనపడ్డా "మిసెస్ కాంగస్!" అని నెత్తిమీది టోపీ తీసేవాళ్ళు.

ఫిబ్రవరి మొదటి వారంలో ప్రిన్సిపాల్ డ్వైట్ లోఫ్‌గ్రెన్ ఆవిణ్ణి గదికి పిలిచాడు. ముప్ఫై ఆరేళ్ళ వాడు, ఆవిడ పాత శిష్యుడే. ఆల్జీబ్రా టూలో అత్తెసరు డి గ్రేడు తెచ్చుకున్నాడు.

"కూర్చోండి మిసెస్ కాంగస్... మార్లిస్" అన్నాడు, అలవాటు పోక. "ఎల్మర్ ఇంక రాడండి. కుడిచెయ్యి పడిపోయింది, మాట సరిగ్గా లేదు. కాల్కులస్ పిల్లల్ని జూనియర్ కాలేజీకి బస్సులో పంపిద్దామనుకుంటున్నాం. ప్రీకాల్కులస్‌కి మాత్రం ఆ కాలేజీ వాళ్ళు ఒప్పుకోవట్లేదు. అది మీరే చూసుకోవాలి."

"నేనా?"

"మీరు గాక ఇంకెవరు? మీ లైసెన్సు పన్నెండో తరగతి దాకా ఉంది కదా. మీకదో లెక్కా?" అని నవ్వాడు డ్వైట్. జోకు వేశాననుకున్నాడు పాపం. "అయితే ఒకటి. పదిహేను మంది చేరితేనే తరగతి. చేరకపోతే స్కూలు బోర్డు ఒప్పుకోదు, అందర్నీ స్టాటిస్టిక్స్‌లో వేసేస్తాం."

మార్లిస్ ఆ గదిలోంచి బయటికొచ్చి, నడవాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర వంగి చాలాసేపు నీళ్ళు తాగింది. దాహమేసి కాదు. తల ఎత్తితే ఎవరైనా మొహం చూస్తారని.

ఆ వారమే పిల్లలు వచ్చే ఏటికి ఏ లెక్కలు తీసుకోవాలో ఎంచుకునే వారం. పచ్చ కాగితం మీద రెండు గళ్ళు. ఒకటి ప్రీకాల్కులస్. కాల్కులస్‌కి దారి అదొక్కటే. ఇంకోటి స్టాటిస్టిక్స్. మంచి పాఠమే, పనికొచ్చేదే, కానీ అటు వెళ్ళినవాళ్ళకి చివరి ఏడు కాల్కులస్ ఉండదు. పిల్లవాడు ఒక గడిలో పెన్సిల్‌తో టిక్కు కొట్టాక, ఆల్జీబ్రా టీచరు పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే కాగితం చెల్లదు.

మొదటి రోజు మార్లిస్ ఏ తప్పూ చెయ్యలేదు. అడిగినవాళ్ళకి అడిగింది రాసిచ్చింది. సాయంత్రం లెక్కపెడితే ప్రీకాల్కులస్‌కి తొమ్మిది. ఇంకా రెండు రోజులున్నాయి. ఇంటికెళ్ళి అటకమీద పెట్టెలోంచి పాత పుస్తకం తీసింది. మూడో అధ్యాయం తెరిచి మొదటి లెక్క చూసింది. గీత మీద గీత, వృత్తంలో బాణాలు. అక్షరాలు తెలుస్తున్నాయి గానీ అర్థం తెలియట్లేదు. ముప్ఫై ఏళ్ళ కిందటి వాసనే వచ్చింది ఆ పుస్తకంలోంచి, డులూత్ పరీక్షహాల్లో రేడియేటర్ వాసన. టప్పున మూసేసింది.

రెండో రోజు మొదటి పిల్లవాడు వచ్చాడు. హాకీ ఆడే వాడు, మార్కులు మధ్యరకం. "ప్రీకాల్క్ తీసుకుందామనుకుంటున్నానండి" అన్నాడు. "నీకు సాయంత్రాలు ప్రాక్టీసు కదా, ఆలోచించుకో" అంది మార్లిస్. వాడు ఆలోచించుకునే శ్రమ కూడా పడకుండా గడి మార్చేశాడు. అంత తేలిక. ఎంత తేలికో చూసి ఆవిడకే ఒళ్ళు జలదరించింది.

రెండోది ఒక పిల్ల. "నీ టెస్టు మార్కులు పైకీ కిందకీ పోతున్నాయి కదమ్మా" అంది మార్లిస్. అబద్ధం కాదు. ఎవరి మార్కులు పోవు?

మూడోవాడు డేల్ పెరాలా. గంభీరమైన కుర్రాడు, మాట తక్కువ. వాణ్ణి చూస్తే ఆవిడకి నిజంగానే అనుమానం. చెయ్యగలడేమో, చెయ్యలేడేమో. "స్టాటిస్టిక్స్ అయితే నీకు సుఖంగా ఉంటుంది డేల్" అంది. వాడు ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూసి, "సరేనండి" అన్నాడు.

నాలుగోది, ఆఖరి రోజు బుధవారం నాడు, జూనీ స్కాల్కో.

జూనీ సంగతి వేరు. ఆ పిల్ల ఆల్జీబ్రా లెక్క చేస్తుంటే నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, చేసేశాక ఒక్కసారి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకునేది, కుట్టిన గౌను చూసుకున్నట్టు. తరగతిలో ఆ పిల్లని మించిన వాళ్ళు లేరు. కాగితం మీద ప్రీకాల్కులస్ గడి అప్పటికే గట్టిగా కొట్టి తెచ్చింది. మధ్యలో అడ్డుచెప్పలేక సంతకం పెట్టిన నలుగురితో కలిపి అప్పటికి సంఖ్య పదమూడు. మార్లిస్‌కి ఆ సంఖ్య తప్ప ఇంకేమీ కనపడలేదు. ఈ పిల్ల పద్నాలుగు. ఈ పిల్ల వెనక ఒక స్నేహితురాలు వస్తే పదిహేను.

"జూనీ, బాగా ఆలోచించావా?"

"ఆలోచించానండి. నాకు ఇంజినీరింగ్ చెయ్యాలనుంది. చివరి ఏడు కాల్కులస్ ఉండాలిట కదా?"

"ఉంటే మంచిదే. కానీ ఆ పాఠం వేరేలా ఉంటుంది. ఆల్జీబ్రాలో బాగా చేసినవాళ్ళు కూడా అక్కడ బోర్లా పడతారు. నేను చాలామందిని చూశాను." చాలామందిని కాదు, ఒక్కర్తినే చూసింది. "ఒకసారి బోర్లాపడితే ఉన్న ఇష్టం కూడా పోతుంది."

జూనీ మొహంలో రంగు తగ్గింది. "అంటే నేను... చెయ్యలేనంటారా?"

మార్లిస్ కాగితం తన వైపు తిప్పుకుంది. "చెయ్యలేవని కాదు. ఎందుకు తొందర అని."

జూనీ రబ్బరు అడిగి తీసుకుంది. గట్టిగా కొట్టిన గడి సరిగ్గా చెరగలేదు. మరక మిగిలింది. ఆ మరక పక్కనే మార్లిస్ "ఎం.కె." అని సంతకం పెట్టింది. ఆ పిల్ల వెనకనున్న స్నేహితురాలు తనంతట తనే స్టాటిస్టిక్స్ గడి కొట్టింది. జూనీ లేనిచోట తనకేం పని?

బుధవారం సాయంత్రానికి లెక్క తేలింది. ప్రీకాల్కులస్‌కి పదమూడు. తరగతి ఉండదు. మార్లిస్ కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల ఆనించింది. బరువు దిగినట్టు ఉంటుందనుకుంది. దిగలేదు. పైగా ఇప్పుడు ఇంకో భయం తోడయింది. ఎవరైనా కనిపెడితే?

కనిపెట్టేలాగే ఉంది వ్యవహారం. గురువారం మధ్యాహ్నం పిల్లల సలహాదారు గెరీ నొవోట్నీ ఆ కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. పెద్ద నోరు, మంచి మనసు ఉన్న మనిషి.

"ఇదేంటే మార్లిస్? పోయినేడు ప్రీకాల్క్‌కి ఇరవై రెండు మంది. ఈ ఏడు పదమూడా? ఈ పిల్లలకేమన్నా తెగులు తగిలిందా?"

"ఎల్మర్ లేడని తెలిసింది కదా, అందుకేమో" అంది మార్లిస్.

"ఎల్మర్ లేడని తెలిస్తే ఎక్కువమంది రావాలి! ఆ ముసలాడి నోటికి జడిసి ఎంతమంది మానేశారో నాకు తెలీదా?" గెరీ నవ్వింది. కాగితాలు తిప్పుతూ ఒక దగ్గర ఆగింది. "ఈ స్కాల్కో పిల్ల గడి చెరిపింది చూశావా? ఈ పిల్ల లెక్కల్లో మొనగత్తె కదా?"

"మనసు మార్చుకున్నట్టుంది" అంది మార్లిస్. గెరీ ఒక్క క్షణం ఆవిడకేసి చూసింది. మామూలుగానే చూసిందో, ఏదన్నా పసిగట్టే చూసిందో మార్లిస్‌కి తెలీలేదు. తెలీకపోవడమే ఎక్కువ భయమేసింది. ఆ మధ్యాహ్నమంతా నడవాలో ఎవరి బూట్ల చప్పుడు వినపడినా తనకోసమేననిపించింది.

ఆ శుక్రవారం చర్చి కిందిగదిలో చేపల విందు. మాంసం మాని చేపలు తినే లెంట్ ఉపవాసాలకి ఇంకా రెండు వారాలున్నా, చర్చి పైకప్పు బాగుచేయించడానికని ముందే మొదలుపెట్టారు. వేయించిన చేప, క్యాబేజీ కోరు, బంగాళదుంపలు. మార్లిస్, భర్త వేన్ ప్లేట్లు పట్టుకుని బల్ల దగ్గర కూర్చోగానే ఎదురుగా ఒక పెద్ద మనిషి వచ్చి నిలబడ్డాడు. రాన్ స్కాల్కో, జూనీ తండ్రి. గనిలో వెల్డరు. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

మార్లిస్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. అయిపోయింది, అనుకుంది. అందరి ముందూ.

"మిసెస్ కాంగస్, మీకు థాంక్స్ చెప్దామని వచ్చాను" అన్నాడు రాన్.

"ఎందుకు?"

"మా పిల్లకి ఉన్నమాట చెప్పినందుకు. రెండు రోజులై సరిగ్గా తిండి తినట్లేదు, ఏడుస్తోంది. ఏడవనీ, అన్నాను వాళ్ళమ్మతో. పెద్ద పెద్ద కోరికలు పెట్టుకుని రేపు కింద పడేకంటే ఇప్పుడే తెలియడం మంచిది. మాకా లెక్కలూ అవీ తెలిసి చావవు. మిసెస్ కాంగస్ వద్దందంటే ఏదో ఉండే ఉంటుంది, ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు అన్నాను." ఆయన టోపీ చేతిలో తిప్పాడు. "మాలాంటి వాళ్ళకి చెప్పేవాళ్ళుండాలి కదండీ."

మార్లిస్ ఏదో అంది. ఏమందో ఆవిడకి గుర్తులేదు. రాన్ వెళ్ళిపోయాక చేప ముక్క నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. చేతిరుమాల్లోకి ఉమ్మేసింది.

"ముల్లా?" అన్నాడు వేన్.

"ఊ" అంది.

శనివారం మధ్యాహ్నం ఇంటి వెనక ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో వేడి పైబెంచీ మీద కూర్చుని ఉండగా ఆవిడ వేన్‌తో చెప్పేసింది. మొగుడూ పెళ్ళాలు పాతికేళ్ళుగా చెప్పుకోవాల్సినవి అక్కడే చెప్పుకునేవాళ్ళు. వేన్ కాలుతున్న రాళ్ళ మీద నీళ్ళు చిలకరించాడు.

"ఇరవై ఆరేళ్ళు చేశావు. పదహారేళ్ళ పిల్లల్ని చూసి జడుసుకున్నావా?"

"పిల్లల్ని చూసి కాదు వేన్. వాళ్ళ ముందు బోర్డు దగ్గర నిలబడి, ఒక అడుగు తర్వాత ఇంకో అడుగు తెలీక... అందరూ నా వీపుకేసి చూస్తూ..." ఆవిడ తువాలు ఇంకా దగ్గరగా చుట్టుకుంది.

"మరైతే ఊరుకో" అన్నాడు వేన్ మెల్లగా. "ఎవరికి తెలుస్తుంది? పిల్ల బాగానే ఉంటుంది. స్టాటిస్టిక్స్ చదివి చచ్చినవాళ్ళెవరూ లేరు."

ప్రేమతోనే అన్నాడు. నిజంగానే ఎవరికీ తెలీదు కూడా. ఎంత సులువుగా ఊరుకోవచ్చో అర్థమయ్యేసరికి మార్లిస్‌కి భయమేసింది. ఇప్పుడు ఊరుకుంటే వచ్చే ఏడు కూడా ఇలాగే ఊరుకుంటుంది. ఆపై ఏడు కూడా. ఆవిడ రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళో ఏ పిల్లకీ ఆ తరగతి ఉండదు. అందరూ థాంక్స్ చెప్తూనే ఉంటారు.

సోమవారం పొద్దున్న బడి తెరవకముందే గెరీ గది తలుపు తట్టింది.

"కాగితాలు పంపేశావా?"

"మధ్యాహ్నం పన్నెండింటికి ఇవ్వాలి. ఏం?"

"నాలుగు వెనక్కివ్వు. ఆ నలుగురికీ నేను తప్పు చెప్పాను." ఇంకా చెప్పాలి. కుర్చీ వీపు పట్టుకుంది. "కావాలని చెప్పాను గెరీ. నాకు ఆ పాఠం రాదు. తరగతి పడకూడదని చెప్పాను."

గెరీ కట్టలోంచి నాలుగు కాగితాలు ఏరి బల్లమీద పెట్టింది. "పన్నెండులోపు తే" అంది. గొంతులో ఎప్పుడూ ఉండే వెచ్చదనం లేదు. అది మళ్ళీ రావడానికి చాలా నెలలు పట్టింది.

హాకీ పిల్లవాడు భుజాలెగరేసి, "అయితే ప్రీకాల్కే వేసెయ్యండి" అన్నాడు. మార్కులు పైకీ కిందకీ పోయే పిల్ల సంతోషంతో గెంతింది. డేల్ పెరాలా కాగితం చూసి, ఆవిణ్ణి చూసి, "ఫర్వాలేదండి. స్టాటిస్టిక్స్ ఉంచెయ్యండి" అన్నాడు.

"డేల్, నేను చెప్పింది తప్పు."

"ఏమో. మొదటిసారి చెప్పిందే కరెక్టేమో" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎంత చెప్పినా మార్చలేదు.

జూనీని చివర పిలిచింది. ఆ పిల్ల కళ్ళకింద నల్లగా ఉంది.

"జూనీ, నేను నీకు తప్పు సలహా ఇచ్చాను. నువ్వు ప్రీకాల్కులస్ తీసుకోవాలి."

"అంటే నేను చెయ్యగలనా, చెయ్యలేనా?"

"చెయ్యగలవు. బుధవారం నాడు కూడా నాకు తెలుసు."

"మరి ఎందుకలా చెప్పారు?"

"భయమేసి."

"నేనంటేనా?"

"ఆ పాఠమంటే. అది నేనే చెప్పాలి. నాకు సరిగ్గా రాదు."

జూనీ తెల్లబోయి చూసింది. "మీరు టీచరు కదా!" అంది. తర్వాత ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నేను నాలుగు రోజులు ఏడ్చాను. మా నాన్న మా అందరికీ చెప్పేశాడు, మన ఇంట్లో బుర్రలకి అంతే వచ్చు అని. ఇప్పుడేమో మీకు భయమేసిందంటారు!" పెన్ను లాక్కుని, మరక పడ్డ గడి మీద మళ్ళీ గీత కొట్టింది, కాగితం చిరిగేంత గట్టిగా. "సంతకం పెట్టండి."

మార్లిస్ పెట్టింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచేలోపు ఆ పిల్ల తలుపు దగ్గరుంది.

సంఖ్య పదహారయింది. జూనీ స్నేహితురాలు కూడా మారితే పదిహేడు. తరగతి ఖాయం.

వేసవిలో ఆవిడకి తోచింది ఒకటే దారి. దాన్ని మించిన భయం ఆవిడకి ఇంకోటి లేదు. జూన్ మొదటి మంగళవారం, ఎల్మర్ రౌటియో ఉంటున్న వృద్ధుల ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరిదో చెయ్యి అక్కడ మర్చిపోయినట్టు పడుంది.

"ప్రీకాల్కులస్ నాకిచ్చారు" అంది మార్లిస్. "నాకు రాదు. నేర్పండి."

ఆయన కళ్ళు ఇరుకయ్యాయి. మాట ముద్దముద్దగా, మధ్యలో ఆగి ఆగి వచ్చింది. "సైన్... నూట... యాభై?"

"సగం" అంది మార్లిస్. "మైనస్ లేదు."

"ఇరవై ఆరేళ్ళు... పట్టింది" అన్నాడు రౌటియో. జారని పక్క నవ్వింది.

వారానికి రెండు రోజులు. ఆయన చెప్తే ఆవిడ రాయాలి. తప్పు రాస్తే ఎడంచేత్తో కుర్చీ చక్రం మీద కొట్టేవాడు. "గాడిదా" అని మాత్రం స్పష్టంగా వచ్చేది ఆయనకి. ప్రతిసారీ ఆసుపత్రి బయట కారులో పది నిమిషాలు కూర్చుని, గుండె దడ తగ్గాక లోపలికి వెళ్ళేది. జులైలో ఒకరోజు ఆయన ఏదో వివరిస్తూ, "ఈ రొట్టె... ఈ రొట్టె ఎంత?" అన్నాడు. మార్లిస్‌కి అర్థం కాలేదు. ఆయన వేలు బొమ్మ మీద కోణం చూపిస్తోంది. తనన్న మాట తప్పని ఆయనకి తెలుసు. అసలు మాట కోసం వెతుకుతున్నాడు, దొరకట్లేదు. నలభై ఏళ్ళు చెప్పిన మాట. ఆయన కళ్ళలో కనపడింది మార్లిస్ ఇట్టే గుర్తుపట్టింది. తనకి తెలిసిన భయమే అది.

"ఈ రొట్టె అరవై" అంది నెమ్మదిగా.

ఆయన మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి, "అరవై... కరెక్టు" అన్నాడు. ఆ తర్వాత "గాడిదా" అనడం తగ్గింది గానీ, చక్రం కొట్టడం తగ్గలేదు.

సెప్టెంబర్‌లో పదిహేడు మంది పిల్లలు, ఒక నల్లబల్ల. రాత్రి చేసిన లెక్కలనే పొద్దున్న చెప్పేది, ఒక పాఠం ముందు మాత్రమే ఉండేది. ప్రశ్న ఎవరు అడిగినా గుండె గుభేలుమనేది. జూనీ మొదటి బెంచీలో కూర్చునేది, కానీ నెలరోజులు ఒక్క మాటా మాట్లాడలేదు.

అక్టోబర్‌లో డ్వైట్ లోఫ్‌గ్రెన్ పాఠం చూడ్డానికి వచ్చాడు, ప్రతి టీచరుకీ ఏడాదికోసారి ఉన్నట్టే. పుస్తకం, పెన్ను పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ రోజు పాఠం, రెండు కోణాలు కలిపినప్పుడు కొసైన్ ఎలా విడిపోతుందో. మార్లిస్ బోర్డు మీద మొదటి వరస రాసింది. రెండోది రాసింది. మూడో వరసలో సుద్ద ఆగింది. ముందున్న అడుగు మాయమైపోయింది. వెనక పద్దెనిమిది జతల కళ్ళు. సరిగ్గా ఏళ్ళ తరబడి ఆవిడ కలలోకి వచ్చిందే ఇది. చెవుల్లో హోరు. ఏదో ఒకటి రాయాలని రాసింది, ప్లస్ పెట్టింది. తప్పని తెలుస్తోంది. ఎక్కడ తప్పో తెలియట్లేదు.

పిల్లలందరికీ తెలిసింది. డ్వైట్‌కి తెలీలేదు. వెనక కూర్చుని తల ఊపుతూ శ్రద్ధగా ఆ తప్పునే పుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు.

మొదటి బెంచీలోంచి, పెదవులు కదిలీ కదలకుండా, "మైనస్" అని వినపడింది.

మార్లిస్ ప్లస్ నిలువు గీతని బొటనవేలితో చెరిపింది. మిగతా వరసలు వాటంతటవే వచ్చాయి. గంట కొట్టాక డ్వైట్ వచ్చి, "అద్భుతం మిసెస్ కాంగస్. నాకే అర్థమైపోయింది!" అన్నాడు. వెనక ఎవరో పిల్లవాడు దగ్గు మాటున నవ్వు దాచుకున్నాడు. ఆవిడ జూనీకేసి చూసింది. జూనీ పుస్తకాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే, "నిన్న నేనూ అక్కడే తప్పాను" అంది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలు నడిచాయి. పాత చనువు మాత్రం రాలేదు.

జూనీ కాల్కులస్ తీసుకుంది, చెమటోడ్చి బి గ్రేడు తెచ్చుకుంది. ఇంజినీరింగ్‌లో చేరి రెండేళ్ళయ్యాక మానేసి, సర్వేయరు పని నేర్చుకుంది. ఇప్పుడు కొత్త రోడ్లకి కొలతలు తీస్తుంది. రాన్ స్కాల్కో మార్లిస్‌తో మళ్ళీ మాట్లాడలేదు. కూతురు ఇంట్లో అంతా చెప్పేసిందని ఆవిడకి అర్థమైంది.

డేల్ పెరాలా బడి అయ్యాక టైర్ల షాపులో చేరాడు. నాలుగేళ్ళకి ఒక నవంబర్ పొద్దున్న మార్లిస్ చలికాలం టైర్లు వేయించుకోవడానికి వెళ్తే వాడే పనిలో ఉన్నాడు. నట్లు బిగిస్తూ అడిగాడు.

"ఒకటి అడగనా మిసెస్ కాంగస్? ఆ రోజు మీకు భయమేసి నలుగురికి తప్పు చెప్పారని జూనీ అంది. నాకు కూడా భయపడే చెప్పారా? లేకపోతే నేను నిజంగానే..."

వాడు మాట పూర్తి చెయ్యలేదు. ఆవిడ కోటు గుండీ పట్టుకుని నిలబడింది. అబద్ధం చెప్పడం తేలిక. "భయపడే చెప్పాను, నువ్వు చక్కగా చేసేవాడివి" అనొచ్చు. ఈ పిల్లవాడికి ఒకసారి అలా తేలికైన మాట చెప్పి ఉంది.

"తెలీదు డేల్" అంది. "అప్పుడు నాకు భయం తప్ప ఇంకేం కనపళ్ళేదు. నిన్ను చూడనేలేదు."

డేల్ తల ఊపాడు. కోపం లేదు. ఆఖరి నట్టు బిగించి జాకీ దించాడు. "యాభై మైళ్ళు తిరిగాక ఓసారి రండి, మళ్ళీ బిగించాలి" అన్నాడు.

మార్లిస్ ఆ తరగతి ఇంకా అయిదేళ్ళు చెప్పింది. పచ్చ కాగితాల వారం వస్తే ఒక్కో పిల్లనీ, ఒక్కో పిల్లవాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొత్త లెక్క ఇచ్చేది. వాళ్ళు చేస్తుంటే కాగితంకేసి కాక వాళ్ళ మొహాలకేసి చూసేది. ఆ తర్వాతే సంతకం. ఒక్కోరోజు అందుకు సాయంత్రం ఆరు దాటేది, వేన్ ఫోన్ చేసేవాడు. ప్రతి సెప్టెంబర్ మొదటి రోజూ ఆవిడకి పొద్దున్న కాఫీ ఇమిడేది కాదు. చివరి ఏడు కూడా ఇమడలేదు. కారు బడి వెనక ఆపి, కిటికీ దించి, చల్లగాలి కాసేపు మొహానికి తగలనిచ్చి, లోపలికి నడిచింది.